శంషాబాదు కిరాయి

నగరవాసి కారును కిరాయికి పిలుచు సందర్భములు పెక్కు కలవు. పెండ్లికి పోవువాడు భోజనముల పంక్తి ఎప్పుడు లేచునో చెప్పలేడు. ఆసుపత్రికి పోవువాడు వైద్యుడు తన్ను ఎంతసేపు కూర్చుండబెట్టునో ఎరుగడు. బజారునకు పోయిన కుటుంబము ఒక దుకాణమునుండి మరియొక దుకాణమునకు మరలుచుండగా డ్రైవరు గడియారము చూచుకొనుచుండును. ఇట్టి ప్రయాణములకు వెల ముందుగా నిర్ణయింప సాధ్యము కాదనిన ఒప్పుకొనవచ్చును. విమానాశ్రయపు ప్రయాణ మట్టిది కాదు. శంషాబాదు ఉన్నచోటనే యుండును. నగరమునుండి దానికి పోవు ప్రధానమార్గములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి. విమానము లేచు వేళయు దిగు వేళయు వారముల ముందుగనే టికెట్టుమీద అచ్చుపడియుండును. ఆదియు అంతమును, దూరమును కాలమును ఇంత స్పష్టముగ తెలిసిన ప్రయాణమునకు వెల యొక్కటి మాత్రము కారు ఇంటిముందు నిలుచువరకు, ఒక్కొక్కప్పుడు నిలిచిన తరువాత సైతము, తెలియకుండుట వింత. ఆ వింతను మనము సహజమని యెంచి ఊరకుండుట అంతకంటె వింత.

ఈ చిక్కు ప్రాచీనమైనది కాదు. 2008 మార్చి వరకు హైదరాబాదు విమానములు నగరగర్భముననున్న బేగంపేటలోనే దిగెడివి. దిగినవాడు ప్రహరి దాటి వీథిలోనికి వచ్చినచో ఆటోవాడు ఎదురుపడెడివాడు, బేరమాడెడివాడు, ఆ బేరమున ఇద్దరిలో ఎవ్వరు ఓడినను ఆ ఓటమి కొద్ది రూపాయలతో ముగిసెడిది. ఆ నెలలో ప్రయాణికుల విమానములన్నియు నగరమధ్యమునకు ఇంచుమించు 24 కిలోమీటర్ల దక్షిణముననున్న శంషాబాదునకు తరలిపోయెను. దారి మాత్రము వెంటనే సిద్ధము కాలేదు. ఔటర్ రింగు రోడ్డులో గచ్చిబౌలి-శంషాబాదు భాగము ఆ సంవత్సరాంతమునకు వాడుకలోనికి వచ్చెను గాని, మెహిదీపట్నమునుండి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్ల పొడవున స్తంభములమీద సాగు పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009 అక్టోబరునకు గాని తెరువబడలేదు. ఈ రెండు దారులతో నగరపు దూరములే తారుమారయ్యెను: గచ్చిబౌలి కార్యాలయములలో పనిచేయు యువకులకు విమానాశ్రయము చేరువయ్యెను, అల్వాలు, సైనికపురి, ఉప్పలు వాసులకు అది పొరుగూరి ప్రయాణమయ్యెను. ఆర్టీసీవారి పుష్పక్ బస్సులు ఉన్నవి. ఒంటరిగా, చేతిసంచితో పోవువానికి వానిని మించిన సాధనము లేదని నేను నమ్ముదును. కాని ఇరువది మూడేసి కిలోల పెట్టెలు రెండును, మోకాలినొప్పి గల భార్యయు, ఊరగాయ జాడీ పగులునేమోయను భయమును వెంటనున్న వృద్ధునకు బస్సు స్టేజివరకు పోవుటయే మొదటి గండము. అతనికి కారు తప్పదు.

అర్ధరాత్రి దాటిన పిదప శంషాబాదు ద్వారము కడ నిలిచి చూచినవానికి తెలుగునాట కారు మాట్లాడుకొను పద్ధతులన్నియు ఒక్కచోటనే కానవచ్చును. గల్ఫు దేశములకు పోవు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతముల కూలీలకు యాపుతో పనిలేదు; వారు తమ ఊరిలోనే ఒక బండి మాట్లాడుకొని, సాగనంపుటకు తల్లియు భార్యయు పిల్లలును మేనమామయు ఎక్కగా, గంటల తరబడి ప్రయాణించి వచ్చెదరు. ఆ బండి కిరాయి ఎంతయో ఊరిలో అందరికిని తెలియును. నిన్న పోయినవాడు ఇచ్చినది నేడు పోవువాడు ఇచ్చును. డీజిలు ధర పెరిగినచో ఆ మాట ముందుగనే చెప్పుకొందురు. డల్లాసులోనో న్యూజెర్సీలోనో ఉన్న కుమారుని చూడబోవు గుంటూరు, ఖమ్మము తల్లిదండ్రుల సంగతి వేరు. వారు కూకట్‌పల్లిలో బంధువుల యింట దిగి యుండగా కుమారుడు అచ్చటనుండియే తన ఫోనులో కారు బుక్ చేయును. కారు వచ్చును, డ్రైవరు ఓటీపీ అడుగును. ఓటీపీ కుమారుని ఫోనులో నుండును, కుమారుడు మీటింగులో నుండును. పెట్టెలు డిక్కీలోనికి ఎక్కియు, ప్రయాణము మొదలు కాక, ఆ దంపతులు ఖండాంతరమునుండి నాలుగంకెల కొరకు వీథిలో నిరీక్షింపవలసి వచ్చుట నవ్వు పుట్టించు దృశ్యమే గాని, విమానము లేచు వేళ దగ్గరపడినప్పుడు నవ్వు రాదు.

యాపు ద్వారా కారు పిలిచినవారందరికిని పరిచితమైన సంభాషణ యొకటి కలదు. బుకింగు ఖాయమైన నిమిషములోపల ఫోను మ్రోగును. "సార్, డ్రాపు ఎక్కడ? క్యాషా, ఆన్‌లైనా?" ఎయిర్‌పోర్టనియు ఆన్‌లైననియు చెప్పిన మరుక్షణము అవతల నిశ్శబ్దము; కొంతసేపటికి తెరమీద కారు బొమ్మ కదలక నిలిచిపోవును, లేక బుకింగు రద్దయినదన్న వార్త వచ్చును. రెండవ కారు, మూడవ కారు. ఈ లోపల మొదట చూపిన వెల పెరిగియుండును. వాన కురిసిన సాయంకాలమైనచో ఆ పెరుగుదలకు హద్దు ఎక్కడనో ఊహింపవలసినదే. ప్రయాణికుడు డ్రైవరును తిట్టుకొనును.

నా దృష్టిలో ఈ వ్యవహారమున అందరికంటె తక్కువ దోషము గలవాడు డ్రైవరే. అల్వాలునుండి శంషాబాదునకు ఇంచుమించు 40 కిలోమీటర్లు. దిగబెట్టిన తరువాత అతని యెదుట రెండు దారులున్నవి: ఖాళీ బండితో నగరమునకు తిరిగి వచ్చుట, లేక విమానాశ్రయపు పార్కింగులో లైనులో నిలిచి తన వంతు కొరకు కనిపెట్టుకొని యుండుట. మొదటిదానిలో 80 కిలోమీటర్లు నడిపి 40 కిలోమీటర్లకు కూలి పుచ్చుకొనినట్లగును. రెండవదానిలో గంటలు గడచును. గడచిన పిదప దొరకిన కిరాయి నగరముయొక్క మరియొక కొసకు పోవునదో, లేక శంషాబాదు ఊరిలోని హోటలువరకే పోవునదో, అది అతని చేతిలో లేదు. గంటల నిరీక్షణమునకు ఫలముగ రెండు మూడు కిలోమీటర్ల గిరాకి తగిలిన డ్రైవరు ముఖము ఒకసారి చూచినవారు రద్దుల సంగతి మరల ఆక్షేపింపరు. బండిమీద ఫైనాన్సువాని వాయిదా, గ్యాసు ఖర్చు, యాపువారి కమీషను తీసివేయగా మిగులునదే అతని యింటి బియ్యము. ఆన్‌లైను చెల్లింపు అనగానే అతడు వెనుదీయుటకు కారణము దురాశ కాదు. ఆ సొమ్ము చేతికి వచ్చు వేళకు గ్యాసు బంకువాడు ఆగడు. ఇట్లు లెక్క వేసికొని చూచిన యెడల, అతడు కిరాయిని కాదనుట దుర్గుణము కాక కూడికతీసివేతల ఫలమని తేలును.

కావున తగవు ప్రయాణికునకును డ్రైవరునకును గాక, వారిద్దరికిని నడుమనున్న వెల తెలియనితనముతోడనే యున్నది. ఖాళీగా తిరిగివచ్చు దూరమును ఎవ్వరో యొకరు భరింపవలసినదే. నేడు దానిని ఒకనాడు డ్రైవరు తన కడుపు కట్టుకొని భరించును, మరియొకనాడు ప్రయాణికుడు రెట్టింపు వెల యిచ్చి భరించును. ఏనాడు ఎవరి వంతో వారిద్దరికిని తెలియదు, తెలిసినది నడుమనున్న కంపెనీకి మాత్రమే.

చట్టము ఈ విషయమున మౌనము వహింపలేదు. మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణచే ఈ యాపు వ్యాపారమునకు మొదటిసారిగ చట్టమున ఒక పేరును తావును ఏర్పడెను. 2020 నవంబరులో కేంద్రప్రభుత్వము మార్గదర్శక సూత్రములు వెలువరించి, రద్దీవేళ వెల మూలధరకు ఒకటిన్నర రెట్లు మించరాదని చెప్పెను. 2025 జూలైలో ఆ హద్దును రెండు రెట్లకు పెంచి, వెల ఎంత తగ్గినను మూలధరలో సగమునకు తగ్గరాదనియు, సొంతబండి గల డ్రైవరునకు కిరాయిలో కనీసము 80 శాతము చెందవలెననియు, తగిన కారణము లేక రద్దు చేసినవారు కిరాయిలో పదవ వంతు, నూరు రూపాయలకు మించకుండ, చెల్లింపవలెననియు విధించెను. మూలధరను నిర్ణయించు అధికారము రాష్ట్రములది. వీనిలో డ్రైవరు వాటాను గూర్చిన నియమము మెచ్చదగినది. వెలను గూర్చిన నియమమును మాత్రము విమానాశ్రయపు దారికి అన్వయించి చూడుడు: సగము మొదలు రెండు రెట్ల వరకు అనిన నాలుగింతల వ్యత్యాసము. ఒకే దారి, ఒకే కారు, ఒకే దూరము, ఉదయమున ఒక వెలకును సాయంకాలమున దానికి నాలుగింతలకును అమ్ముడుపోయినను చట్టము అడ్డు చెప్పదు. అంత విశాలమైన హద్దును హద్దని పిలుచుటకు నాకు మనసొప్పదు.

వెలను స్థిరపరచుట అసాధ్యమని వాదించువారికి సమాధానము పెద్ద నగరములలోనే కలదు. పారిస్‌లో షార్ల్ ద గోల్ విమానాశ్రయమునుండి నగరమునకు పోవు టాక్సీకి 2016 నుండి సేన్ నది కుడిగట్టునకు ఒక వెల, ఎడమగట్టునకు మరియొక వెల స్థిరపరుపబడినవి. ఆరంభమున అవి 50 యూరోలు, 55 యూరోలు. న్యూయార్కులో కెన్నెడీ విమానాశ్రయమునుండి మాన్‌హాటన్‌కు పసుపురంగు టాక్సీ ఎక్కినవానికి 1996 నుండియే ఒక్క వెల; నాడు 30 డాలర్లు, 2022 చివరినుండి 70 డాలర్లు, టోలు మున్నగు రుసుములు వేరుగ. ఈ వెలలు టాక్సీలకే గాని యాపు కార్లకు వర్తింపవు. అయినను పక్కనే ఒక నిశ్చితమైన వెల అందరికి తెలిసి నిలిచియుండుటచే, యాపువాడు చూపు వెల ఎక్కువయో తక్కువయో తూచుకొనుటకు ప్రయాణికునకు ఒక తూకపురాయి దొరకుచున్నది. శంషాబాదున లోపించినది ఆ రాయియే.

అంత దూరము పోనవసరము లేదు. హైదరాబాదు ఆటోలకు రాత్రి 11 గంటలనుండి తెల్లవారుజాము 5 గంటలవరకు మీటరుమీద సగము అదనముగ పుచ్చుకొనవచ్చునని నియమము కలదు. మీటరు వేయు ఆటో నేడు కంటబడుట అరుదను మాట వేరు. కాని రాత్రివేళ శ్రమకు ఎక్కువ వెల యుండవలెననియు, ఆ యెక్కువ ఎంతయో ముందుగనే చెప్పవలెననియు మన ప్రభుత్వమునకు ఎన్నడో తోచినదనుటకు అది సాక్ష్యము. రాష్ట్రప్రభుత్వము నగరమును ఆరేడు మండలములుగ విభజించి, శంషాబాదునుండి ఒక్కొక్క మండలమునకు చిన్న కారు కింత, పెద్ద కారు కింత, రాత్రివేళ ఇంత అని స్థిరపరచి, ఆ వెలలోనే ఖాళీగా తిరిగివచ్చు దూరములో ఒక భాగమును చేర్చి, టోలును పార్కింగును రసీదులో విడిగ చూపవలెనని శాసించినచో చాలును. ఏడాదికొకసారి గ్యాసు, డీజిలు ధరలను బట్టి దానిని సవరింపవచ్చును. ఈ పట్టిక సామాను తీసికొను బెల్టు కడ, బయటి ద్వారము కడ తెలుగున, ఉర్దూలో, హిందీలో, ఇంగ్లీషున వ్రేలాడవలెను.

దీనికి వచ్చు ఆక్షేపణలలో బలమైనది ఒక్కటే: వెల కదలకున్నచో వానరాత్రి కార్లు రావు, వెల పెరుగుటయే డ్రైవరును ఇంటినుండి బయటికి లాగును అని. ఇది నగరములోపలి తిరుగుడునకు కొంత నిజము. విమానాశ్రయమునకు అంతగా చెల్లదు, ఏలయన ఏ గంటకు ఎన్ని విమానములు దిగునో ఆకస్మికముగ తెలియు విషయము కాదు. ఆలస్యములు తప్ప తక్కినదంతయు ముందుగనే తెలియును. తిరుగుప్రయాణపు భాగము వెలలోనే యున్నచో డ్రైవరు వానరాత్రి సైతము పోవును. నేడు పోకుండుటకు కారణము వాన కాదు, ఖాళీ తిరుగుడు.

ప్రభుత్వము కదలువరకు ప్రజలు ఊరకుండలేదు. మధ్యతరగతి కుటుంబములలో పెక్కింటికి నేడు "మన డ్రైవరు" ఒకడుండును. ఒకనాడు యాపు ద్వారానే వచ్చి, మర్యాదగ నడిపి, నంబరు ఇచ్చి పోయినవాడు. మునుపటి రాత్రి అతడే ఫోను చేసి "పొద్దున నాలుగింటికి వస్త, అమ్మా" అనును; పది నిమిషములు ముందుగనే వచ్చి హారను కొట్టక నిలుచును; పెట్టెలు తానే ఎత్తును. వెల యాపు వెలకంటె కొంచెము ఎక్కువయే కావచ్చును, అయినను మాట మాటగ నిలుచును. ఈ పద్ధతిని నేను మెచ్చుదును, ఒక్క హెచ్చరికతో: బండికి పసుపుపచ్చ పలక, విద్యుద్వాహనమైనచో ఆకుపచ్చ పలకమీద పసుపు అక్షరములు, ఉన్నవో లేవో చూచుకొనవలెను. తెల్లపలకమీద నల్లని అక్షరములు గల సొంతకారును కిరాయికి నడుపుట చట్టవిరుద్ధము. ప్రమాదము జరిగినచో బీమా సంస్థ పరిహారమును నిరాకరించుటకు దానిని కారణముగ చూపవచ్చును. కొద్ది రూపాయల లాభమునకై ఆ గండమును తెచ్చుకొనరాదు.

మెట్రో వచ్చును గదా, అంతవరకు ఓపిక పట్టుడనువారు కలరు. రాయదుర్గమునుండి శంషాబాదునకు 31 కిలోమీటర్ల మార్గమునకు 2022 డిసెంబరు 9న శంకుస్థాపన జరిగెను. తరువాతి ప్రభుత్వము ఆ మార్గమును విడిచి నాగోలు, ఎల్.బి. నగరు, చాంద్రాయణగుట్టల మీదుగ పోవు మరియొక మార్గమును ఎన్నుకొనెను. శంకుస్థాపనములతో ప్రయాణము సాగదు. మెట్రో వచ్చిన తరువాత సైతము రాత్రి రెండు గంటలకు దిగినవాడు కారునే వెదకును.

ఇది హైదరాబాదు గొడవయని ఆంధ్రదేశపు పాఠకులు తలంపరాదు. విశాఖపట్టణమున విమానములు దిగుచు వచ్చిన నౌకాదళపు నేల నగరములోనిదే. దానిని విడిచి 45 కిలోమీటర్ల పైచిలుకు దూరముననున్న భోగాపురమునకు తరలుట బేగంపేటనుండి శంషాబాదునకు తరలుటవంటిదే, దూరము మాత్రము అంతకంటె ఎక్కువ. గాజువాకలో ఉక్కు కర్మాగారపు ఉద్యోగి ఇల్లు భోగాపురమునకు నగరముయొక్క అవతలి కొసను ఉన్నది. అతనికి ఇంతవరకు పొరుగుననున్న విమానాశ్రయము జిల్లా దాటి పోవును. భోగాపురపు చుట్టుపట్ల భూములు పోగొట్టుకొన్న కుటుంబముల యువకులు కార్లు కొని ఈ కిరాయిలమీద ఆశ పెట్టుకొనుట సహజము. వారి వాయిదాలు ఫైనాన్సువాని పుస్తకమున పడకమునుపే గాజువాకకు ఇంత, మద్దిలపాలెమునకు ఇంత, విజయనగరమునకు ఇంత అని రవాణాశాఖ ఒక పట్టిక వ్రాసి గోడకు తగిలించుట కష్టమైన పని కాదు.