మన పిల్ల పరుగు ఏ నవల్లో ఉంది?

దివిసీమలో మా హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి పాఠం జరుగుతుండగా బల్ల కింద నవల పెట్టుకుని చదువుతూ దొరికింది. తిట్టి లాక్కున్నాను. రాత్రి ఇంటికి తెచ్చుకుని నేనే చదివాను. అట్టమీద పరుగుపందెం పిల్ల బొమ్మ. ఇలాంటి కథలు వందలున్నాయి. ఇప్పుడు సెల్లుఫోనులో కూడా చదువుతున్నారు. కాలేజీ పిల్ల మెరుపులా పరిగెడుతుంది. పెద్దింటి కుర్రాడు ఎదురవుతాడు. కాలు బెణుకుతుంది, అతను ఎత్తుకుని తీసుకెళ్తాడు. చివరి పందెంలో గెలిచి, గీత దాటి, అతని గుండెల మీద వాలిపోతుంది. శుభం.

పుస్తకం మొత్తంలో ఆ పిల్ల కులం ఎక్కడా లేదు. బూట్లు ఎవరు కొన్నారో లేదు. ఏం తిని పరిగెత్తిందో లేదు. చీకటి పడ్డాక ఏ బస్సెక్కి ఇంటికెళ్ళిందో లేదు. కులం రాయలేదంటే కులం లేదని కాదు, పెద్దకులమని. మన పిల్లయితే రెండో పేజీలోనే 'ఎవుళ్ళ పిల్లవే?' అని అడిగేవాళ్ళు.

నవలలు మన ప్రాంతానికి కొత్తకాదు. తెలుగునాట ఆడవాళ్ళందరి చేతా సీరియళ్ళు చదివించిన యద్దనపూడి సులోచనారాణిది మన కృష్ణా జిల్లా కాజ గ్రామమే. మా అమ్మకి చదువు రాదు. నాట్లకెళ్ళొచ్చి, నాచేత చదివించుకుని వినేది. కారున్న హీరో, మేడ ఉన్న హీరో. ఆ మేడ కింద పొలంలో నాట్లేసేది మా అమ్మే అని ఏ సీరియల్లోనూ రాలేదు. ఆటల పిల్ల మీద సినిమా కూడా వచ్చింది. 1991లో 'అశ్విని'లో పరుగుల రాణి అశ్విని నాచప్పే నటించింది. ఊళ్ళూ పల్లెలూ చూశాయి. కానీ మన పల్లె పిల్ల పరుగు కథ ఎవరు చెప్పారు?

మర్నాడు పుస్తకం తిరిగిస్తూ, 'ఏముందే ఇందులో?' అని అడిగాను. 'ఆ పిల్లని ఎవురూ ఆపరు మేడమ్' అంది.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఈ పిల్ల కూడా పరిగెడుతుంది. కాలవగట్టు మీద ఉత్తకాళ్ళతో పరిగెత్తి మండలంలో ఫస్టు వచ్చింది. గుడివాడలో పోటీలకు పంపమంటే తండ్రి పంపలేదు. 'నిక్కరేసుకుని పరిగెడితే ఊళ్ళో కుర్రాళ్ళు ఏమంటారో మీకు తెలవదా మేడమ్? రేపు ఏదైనా జరిగితే మా ఎనకాల ఎవరున్నారు?' అన్నాడు. తల్లి మినుం తీతకెళ్ళింది, ఇంట్లో చిన్నపిల్లాణ్ణి చూసే దిక్కు లేదు. పరుగు అక్కడితో ఆగింది.

ఆ తండ్రి భయం ఉత్తది కాదు. నవల్లో ప్రేమకు అడ్డం ఓ అపార్థం, ఓ ఉత్తరం. మనకు అడ్డం కత్తి. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో కడుపుతో ఉన్న భార్య కళ్ళముందే ప్రణయ్‌ను నరికారు. నరికించింది పిల్లనిచ్చిన మామే. 2025 మార్చిలో కోర్టు శిక్షలు వేసింది. అయినా పోయినవాడు రాడు.

గెలిస్తే మాత్రం గౌరవం దక్కుతుందా? 2021లో టోక్యో ఒలింపిక్స్ హాకీలో మన ఆడపిల్లల జట్టు సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో ఓడింది. అదే ఒలింపిక్స్‌లో మూడు గోల్సు కొట్టి హ్యాట్రిక్ చేసిన వందనా కటారియా ఇంటి ముందు, హరిద్వార్ దగ్గర, టపాసులు కాల్చి కులం పేరుతో తిట్టారు. గెలిస్తే దేశం బిడ్డ, ఓడితే అంటరాని బిడ్డ!

అయినా మన పిల్లలు ఆగలేదు. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గిరిజన పిల్ల మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో పాటు ఖమ్మం దళిత కుర్రాడు ఆనంద్ కుమార్ ఎక్కాడు. ఈ కథలో హీరో ఎవరు? కారున్న కుర్రాడు కాదు, సంక్షేమ గురుకుల పాఠశాల! విశాఖ పిల్ల జ్యోతి యర్రాజీ తల్లి ఇళ్ళల్లో పనిచేసింది, తండ్రి సెక్యూరిటీ గార్డు. 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్‌లో బంగారం తెచ్చింది. వరంగల్ జిల్లా కల్లెడ కూలీల బిడ్డ జీవాంజి దీప్తిని ఊరు వెక్కిరించింది. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కంచు పతకం తెచ్చింది. తిండి, కోచ్, హాస్టలు, బూట్లు దొరికితే మన పిల్ల ఎంత దూరం పోతుందో వీళ్ళు చూపించారు.

ఆ నవలల్ని తగలబెట్టమని నేననను. పదిహేనేళ్ళ పిల్లకి కల ఉంటుంది, ప్రేమ ఉంటుంది. అది నేరం కాదు. కానీ ఎవడో ఎత్తుకుని తీసుకెళ్తేనే గమ్యం చేరతావని చెప్పే కల మనకొద్దు.

ఇక మన మాట. ఊళ్ళోవాళ్ళని తిడితే సరిపోదు అన్నలారా! ఏప్రిల్ 14న మన పల్లెల్లో కుర్రాళ్ళకి కబడ్డీ, వాలీబాలు పెడతాం. ఆడపిల్లలకి ముగ్గుల పోటీ! ఆడవాళ్ళ ప్రగతిని బట్టే జాతి ప్రగతిని కొలవాలన్న బాబాసాహెబ్ విగ్రహం ముందే ఈ పని చేస్తున్నాం. ఈసారి ఆడపిల్లలకి పరుగుపందెం పెట్టండి. విగ్రహానికి వేసిన చందాలో మిగిలింది ఒక జత స్పైక్సుకి ఇవ్వండి. పోటీలకి పిల్ల వెళ్తే పల్లె నుంచి ఇద్దరు అక్కలు తోడు వెళ్ళండి. అప్పుడు 'మా ఎనకాల ఎవరున్నారు' అన్న ఆ తండ్రికి జవాబు దొరుకుతుంది. మన పిల్ల నవల అప్పుడు అదే రాసుకుంటుంది.

జై భీమ్!