దాచిన రక్తము



సబ్బవరం పల్లెల్లో మలంలో రక్తం కనబడినా "మొలలే" అని దాచుకొనే పెద్దలున్నారు. అట్టివారు వెంటనే వైద్యుని చూడాలి. పెద్దప్రేగు క్యాన్సరు తొలిదశలో కారే రక్తం కంటికి కనబడకపోవచ్చు. దానిని పట్టే పరీక్షకు ఇంటివద్దనే నీరు, మూత్రం తగలకుండా కొద్దిగా మలం సీసాలో తీసి ఇస్తే చాలు. 1993లో వెలువడిన అమెరికాలోని మిన్నెసోటా పరిశోధనలో, ఏటా ఇట్టి పరీక్ష చేయించుకొన్నవారిలో ఈ వ్యాధి మరణాలు 33 శాతం తగ్గాయి. రక్తం ఉన్నదంటే క్యాన్సరేనని కాదు; అయినా కొలనోస్కోపీ చేయించాలి. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది.

50 దాటినవారు వైద్యుని అడగండి. ఇంట్లో ఎవరికైనా ఈ వ్యాధి వచ్చియుంటే ఇంకా ముందే అడగండి. 12 ఏండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ సిగ్గుపడి ఇంట కూర్చుండలేదు. జనసమూహములో ముందుకు వచ్చినది.