విజేత దయ కాదు, హక్కు

క్రీ.శ. 1187 జులై 4న, గలిలయ సరస్సుకు పశ్చిమాన ఉన్న హిత్తీన్ కొండల వద్ద సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ సేనలు జెరూసలేం రాజు గై సైన్యాన్ని పూర్తిగా ఓడించాయి. సఫూరియా ఊటలను విడిచి, మండువేసవిలో నీరు దొరకని దారిన తిబేరియకు సాగవద్దని ట్రిపోలీ ప్రభువు రేమండ్ ముందే వారించాడు. అక్కడ ముట్టడిలో చిక్కుకున్నది స్వయంగా ఆయన భార్యే. అయినా రాజు ఆ సలహాను పెడచెవిన పెట్టాడు. దాహం, ఎండుగడ్డికి అంటించిన మంటల పొగ, ఎడతెగని బాణాలు ఆ సైన్యాన్ని కుంగదీశాయి.

ఈ విజయగాథను మన సభల్లో తరచూ వింటాం. అయితే అధికారం చేజిక్కిన తరువాత విజేత ఎలా నడుచుకున్నాడన్నదే అంతకన్నా ముఖ్యం. 1099లో క్రూసేడర్లు జెరూసలేంను పట్టుకున్నప్పుడు అక్కడి ముస్లింలను, యూదులను ఊచకోత కోశారు. 1187 అక్టోబరు 2న, అంటే హిజ్రీ 583 రజబ్ 27న, అదే నగరం సలాహుద్దీన్‌కు లొంగిపోయింది. కత్తితోనే తీసుకుంటానని తొలుత పంతం పట్టిన సుల్తాన్, నగర రక్షకుడు బాలియన్‌తో చర్చించి సంధికి సమ్మతించాడు. పురుషునికి 10 దీనార్లు, స్త్రీకి 5 దీనార్ల విమోచన ధనం నిర్ణయమైంది. ఊచకోత జరగలేదు. పవిత్ర సమాధి చర్చిని కూల్చలేదు. స్థానిక తూర్పు క్రైస్తవులు జిజియా చెల్లించి అక్కడే ఉండేందుకు, యూదులు తిరిగి వచ్చేందుకు అనుమతి లభించింది.

చరిత్రను సగమే చెప్పుకోవడం న్యాయం కాదు. హిత్తీన్‌లో పట్టుబడిన టెంప్లర్, హాస్పిటలర్ యోధులను వధించారు. జెరూసలేంలో సుల్తాన్, ఆయన సోదరుడు అల్ ఆదిల్ ఎందరో నిరుపేదలకు విముక్తి ప్రసాదించినా, ధనం చెల్లించలేని వేలాదిమంది బానిసలయ్యారు. పాలకుని ఔదార్యం ఎక్కడ ఆగిందో, బలహీనుల రక్షణ కూడా అక్కడే ఆగిపోయింది.

అల్పసంఖ్యాకులుగా మనం గ్రహించవలసిన సత్యం ఇదే. మనకు కావలసింది మంచి మనసున్న పాలకుడు మాత్రమే కాదు, ఏ పాలకుడూ తీసివేయలేని హక్కు. మత స్వేచ్ఛకు, సంస్కృతికి, విద్యాసంస్థల స్థాపనకు హామీ ఇచ్చే రాజ్యాంగంలోని 25, 29, 30 అధికరణలు ఎవరో కనికరించి ఇచ్చిన వరాలు కావు. వాటి అమలును ప్రాధేయపడి కాక, పౌరులుగా నిలబడి అడగాలి. ముస్లింలు అధికసంఖ్యాకులుగా ఉన్న దేశాల్లోని అల్పసంఖ్యాకుల కోసం కూడా ఇదే గొంతుతో మాట్లాడాలి. అప్పుడే మన డిమాండుకు నైతిక బలం చేకూరుతుంది.