నిల్వ కన్నా నడక మిన్న

గ్రామీణ రుణమనగానే మనకు గోదాములు, శీతల గిడ్డంగులు స్ఫురిస్తాయి. పంటను దాచుకొనే వసతి ఉంటే మంచి ధర వచ్చినప్పుడు రైతు అమ్ముకోగలడన్న ఆలోచన సమంజసమే. ధాన్యం, మిరప, పసుపు విషయంలో అది నిజం కూడా. అయితే టమాటా, బొప్పాయి, ఆకుకూరల మాటేమిటి? వీటికి ముందుగా కావలసింది ఆగని ప్రయాణం.

చిల్లర వర్తకంలో ‘క్రాస్ డాకింగ్’ అనే పద్ధతి కలదు. ఇందులో వచ్చిన సరకును గోదాములో పేర్చరు. ఒకవైపు లారీ నుండి దింపి, దుకాణాలవారీగా విడదీసి, మరొకవైపు వేచివున్న బండ్లకు కొద్ది గంటలలోనే ఎక్కిస్తారు. అమెరికాలో వాల్‌మార్ట్ సంస్థ ఎదుగుదలకు ఈ పద్ధతి ఎంతగానో తోడ్పడింది.

మన దేశంలో దీనికి దగ్గరి ఉదాహరణ ఢిల్లీలో ఉంది. జాతీయ పాడి పరిశ్రమాభివృద్ధి మండలి 1988లో ‘సఫల్’ పేరిట పండ్లు, కూరగాయల విక్రయం ప్రారంభించింది. రైతు సంఘాల నుండి సేకరించిన సరకు మంగోల్‌పురి కేంద్రానికి చేరి, గ్రేడింగ్ పూర్తయి, నగరంలోని బూత్‌లకు తరలిపోతుంది. ఇది పాల పంపిణీ నేర్పిన పాఠమే: ఆగితే పాలు విరుగుతాయి, ఆగితే కూరలు వడలుతాయి.

2020 సెప్టెంబరు 9న అనంతపురం నుండి ఢిల్లీలోని ఆదర్శ్‌నగర్ స్టేషనుకు కిసాన్ రైలు బయలుదేరిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అందులో 332 టన్నుల పండ్లు, కూరగాయలు ఆజాద్‌పూర్ మార్కెట్టు కోసం వెళ్ళాయి. రైలు ఎంత వేగంగా నడిచినా, దిగినచోట సరకు విడదీసే వసతి లేకపోతే, దారిలో ఆదా అయిన గంటలు ప్లాట్‌ఫారం మీదనే హరించుకుపోతాయి. సరకును దించి ఎత్తిన ప్రతిసారీ కొంత చితుకుతుంది. ఆ నష్టం చివరకు రైతు లెక్కలోకే వస్తుంది.

ఈ పద్ధతిలో ప్రమాదమూ లేకపోలేదు. నిల్వ లేనిచోట జాప్యానికి తావు లేదు. కొనుగోలుదారు చివరి నిమిషంలో వద్దంటే రైతుకు దిక్కుండదు. కనుక ముందస్తు ఆర్డరు, వ్రాతపూర్వకమైన ధర, చెల్లింపు తేదీ, తిరస్కరణకు స్పష్టమైన నియమాలు ఉండితీరాలి. రుణం మంజూరు చేసే ముందు బ్యాంకు ఈ కాగితాలను అడగడం రైతుకే రక్ష.

2020లో ఏర్పాటైన వ్యవసాయ మౌలిక వసతుల నిధిలో గిడ్డంగులతో పాటు గ్రేడింగ్ యూనిట్లకు, ప్యాక్ హౌస్‌లకు, రవాణా వసతులకు చోటు కల్పించారు. 2 కోట్ల రూపాయల వరకు రుణంపై 3 శాతం వడ్డీ రాయితీ ఉద్దేశించారు. అయినా ‘వసతి’ అంటే నాలుగు గోడలేనన్న భావన మనలో బలంగా ఉంది. ఒక రేకుల షెడ్డు, తూకం యంత్రం, ప్లాస్టిక్ క్రేట్లు, సమయానికి వచ్చే బండి: రైతు ఉత్పత్తిదారుల సంస్థకు ఇవి కూడా ఆస్తులే.

ఇకపై గోదాము ప్రతిపాదన మీ ముందుకు వస్తే, అందులో ఎన్ని టన్నులు పడతాయో అడగండి. ఆ సరకు అక్కడ ఎన్ని గంటలు ఉండాలో కూడా అడగండి. రెండవ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే ఆ రుణం దేనికి ఇవ్వాలో తేలుతుంది.