ఒంటిపూట బడి.. పొద్దంతా కూలి
* తల్లులు చేలో.. పిల్లలు వీధిలో
* తమ్ముడి కోసం చదువు మానుతున్న అక్క
* దారి చూపుతున్న తమిళనాడు అధ్యయనాలు

పల్నాడు: సాధారణంగా మార్చి మధ్యలో ఒంటిపూట బడులు ప్రారంభమవుతాయి. మధ్యాహ్నం పన్నెండున్నరకు గంట మోగగానే పిల్లలు ఇంటిముఖం పడతారు. పల్నాడు, గుంటూరు జిల్లాల్లో అప్పటికి మిరప కోతలు ఇంకా సాగుతూనే ఉంటాయి. తెల్లవారకముందే ఆటోల్లో కూలికి వెళ్లిన తల్లులు పొద్దు వాలితే గానీ ఇల్లు చేరరు. ఆ నడుమ పసివాళ్ల ఆలనాపాలనా ఎవరిదన్న ప్రశ్నకు అనేక ఇళ్లలో దొరికే సమాధానం ఒక్కటే.. అక్క. తమ్ముణ్ని చంకనెత్తుకున్న బాలిక క్రమంగా బడికి దూరమవుతుంది. రికార్డుల్లో ఇది హాజరు సమస్య. వాస్తవానికి శిశుసంరక్షణ సమస్య.

కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి వలస వచ్చే కూలీలది మరింత దయనీయ స్థితి. వారి పిల్లల చదువు ఆగిపోకుండా స్వగ్రామాల్లోనే సీజనల్ హాస్టళ్లు నిర్వహించే విధానం ఉంది. అయితే అవి బడి ఈడు పిల్లలకే పరిమితం. చంటిబిడ్డ తల్లి వెంట వలస వస్తే, ఆ బిడ్డను చూసుకునేందుకు అక్క కూడా రావాల్సి వస్తోంది.

అదనంగా ఒక్కరున్నా..

తమిళనాడులో అంగన్‌వాడీ కేంద్రాలకు సగంపూట పనిచేసే అదనపు కార్యకర్తను ఇచ్చి ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ తదితరులు ఫలితాలను పరిశీలించారు. పూర్వ ప్రాథమిక బోధన సమయం రెట్టింపయింది. పిల్లల అభ్యసనంతోపాటు పోషణ స్థితీ మెరుగుపడింది. కరోనా అనంతరం 2021లో అదే రాష్ట్రంలో స్థానిక వలంటీర్లతో ‘ఇల్లం తేడి కల్వి’ పేరిట సాయంకాల తరగతులు మొదలయ్యాయి. పిల్లలు తిరిగి అందుకున్న చదువులో దాదాపు నాలుగో వంతు ఈ తరగతుల ఫలితమేనని మరో అధ్యయనం తేల్చింది. ఈ రెండింటికీ భారీ భవనాలు అవసరం కాలేదు. అదనపు వ్యక్తి, అదనపు వేళలు సరిపోయాయి.

కేంద్రం 2022లో ‘పాల్నా’ పథకం కింద అంగన్‌వాడీలకు అనుబంధంగా శిశుసంరక్షణ కేంద్రాలను ప్రతిపాదించింది. అయితే వాటి వేళలు కార్యాలయాలకు కాక, చేలకు అనుగుణంగా ఉన్నప్పుడే కూలీ తల్లులకు ప్రయోజనం.

ఎండ నుంచి పిల్లలను కాపాడటమే ఒంటిపూట బడుల ఉద్దేశం. గంట కొట్టి మిట్టమధ్యాహ్నం తాళం వేసిన ఇళ్లకు పంపితే ఆ ఉద్దేశం నెరవేరదు. కోతల కాలంలో ప్రతి బడిలో ఒక గదిని, దాని పక్కన అంగన్‌వాడీని సాయంత్రం వరకు తెరిచి ఉంచి, గ్రామంలోని ఒక మహిళకు వేతనమిచ్చి బాధ్యత అప్పగించవచ్చు. అప్పుడే అక్క చంక దిగేది తమ్ముడు.. చేతికి వచ్చేది పుస్తకం.