తూకం తప్పితే ముప్పే

పిల్లలకు హెర్నియా కోయాలన్నా, సున్తీ చేయాలన్నా, విరిగిన చెయ్యి సరిచేయాలన్నా ‘పూర్తి మత్తు కాదు, ఆ భాగం వరకే తిమ్మిరి సూది’ అనగానే తల్లిదండ్రుల గుండె కుదుటపడుతుంది. చిలకలూరిపేట లాంటి పట్టణాల్లో ఈ భరోసా అలసత్వంగా మారకుండా చూసుకోవాలి. సూది పడేది ఒక చోటే అయినా, మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది.

పద్ధతిగా చేస్తే ఈ వైద్యం పిల్లలకు వరం. ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గుతుంది, ఘాటైన నొప్పి మందుల అవసరం తప్పుతుంది. ప్రధానంగా అమెరికాలోని పిల్లల ఆసుపత్రులు లక్షకు పైగా ఇలాంటి సూదులను లెక్కగట్టి 2018లో ప్రకటించిన ఫలితాల్లో, శాశ్వతంగా నరం దెబ్బతిన్న కేసు ఒక్కటీ లేదు. అయితే అక్కడ సూది పడింది అందులో ఆరితేరిన మత్తు వైద్యుల పర్యవేక్షణలో. అక్కడ కూడా మందు విషమించిన కేసుల్లో ఎక్కువ మంది ఏడాది లోపు పసికందులే.

ప్రమాదం ఎంత దగ్గరగా ఉంటుందో చిన్న లెక్క చెబుతుంది. బుపివకెయిన్ అనే తిమ్మిరి మందు 0.5 శాతం ద్రావణంలో మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సాధారణంగా పాటించే గరిష్ఠ పరిమితి కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాములు. అంటే పది కిలోల బిడ్డకు ఐదు మిల్లీలీటర్లే హద్దు. పది మిల్లీలీటర్ల సిరంజి నిండా ఎక్కిస్తే రెట్టింపు. ఆరు నెలల లోపు పిల్లల రక్తంలో ఈ మందును పట్టి ఉంచే ప్రొటీన్ తక్కువ కనుక వారికి ఇంకా తగ్గించాలి. మోతాదు సరిగ్గానే ఉన్నా సూది రక్తనాళంలోకి వెళ్తే ముప్పే. పెద్దవాళ్లయితే చెవుల్లో హోరు, పెదాలకు తిమ్మిరి అని చెప్పగలరు. మగతలో ఉన్న పసివాడు ఏం చెప్పగలడు? ఫిట్స్ రావడమో, గుండె లయ తప్పడమో మొదటి సంకేతం కావచ్చు.

మత్తు ఇచ్చాక కనిపెట్టుకుని ఉండాలన్న పాఠం తెలుగు నేలకు కొత్త కాదు. 1888, 1889లో నిజాం ఖర్చుతో హైదరాబాద్‌లో, అప్పటి మత్తుమందు క్లోరోఫాం ఎంత భద్రమో తేల్చేందుకు కమిషన్లు జరిగాయి. శ్వాసను కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకు నేరుగా ముప్పు లేదని సర్జన్ ఎడ్వర్డ్ లారీ గట్టిగా వాదించారు. గుండె విషయంలో ఆ మాట తప్పని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. అందుకే శ్వాస, నాడి, గుండె లయ అన్నింటినీ కనిపెట్టాలి. కత్తి పట్టిన సర్జనే ఆ పనీ చేయలేరు.

మిర్చి టిక్కీని కాటా వేయకుండా కొనని ప్రాంతం మనది. బిడ్డను మాత్రం కంటిచూపుతో అంచనా వేయడం తగదు. బరువు తూచి, మోతాదు లెక్కగట్టి కేస్‌షీట్‌లో రాయాలి. మత్తు డాక్టరు మొదటి నుంచి చివరి వరకు పక్కనే ఉండాలి. పల్స్ ఆక్సీమీటరు, ఈసీజీ మానిటరు, ఆక్సిజన్, పిల్లల సైజు మాస్కులు, గొట్టాలు సిద్ధంగా ఉంచాలి. మందు విషమిస్తే విరుగుడుగా కిలోకు 1.5 మిల్లీలీటర్ల చొప్పున వెంటనే ఎక్కించాల్సిన 20 శాతం లిపిడ్ ఎమల్షన్ థియేటర్లోనే ఉండాలి. గుంటూరు పెద్దాసుపత్రి దాకా వెళ్లేంత వ్యవధి ఆగిన గుండె ఇవ్వదు.

ప్రైవేటు ఆసుపత్రుల నియంత్రణకు 2002 నుంచి రాష్ట్రంలో చట్టం ఉంది. పల్నాడు జిల్లా వైద్యాధికారులు తనిఖీల్లో ఈ ఏర్పాట్లను విడిగా పరిశీలించాలి. మత్తు ఇచ్చేదెవరని, బరువు చూశారా అని తల్లిదండ్రులు మొహమాటం లేకుండా అడగాలి. ముందే అనుకుని చేసే ఆపరేషన్లు చాలావరకు కొన్నాళ్లు ఆగగలవు. ఈ ఏర్పాట్లు లేని థియేటర్లో వాటిని వాయిదా వేయడమే వైద్య ధర్మం.