రచ్చబండ ఎవరిది?

ఈ మధ్య ఏ సభకు పోయినను, ఏ పత్రిక తిరగవేసినను ఒక్కటే శోకము వినవచ్చుచున్నది. పల్లెలలో రచ్చబండలు పాడుపడినవనియు, చెట్టు క్రింద పదిమందితో కూర్చుండవలసిన ఇరువదేండ్లవాడు గోడవారగా ఫోనులో తలదూర్చుకొని కూర్చుండుచున్నాడనియు, వాడు స్నేహితులని చెప్పుకొనువారిలో ఒక్కని ముఖమైనను వాడెరుగడనియు, ముఖమెరుగని స్నేహము నీడతో పొత్తు వంటిదనియు పెద్దలు ఒకరిని మించి ఒకరు వాపోవుచున్నారు. ఈ శోకము చేయువారిలో నా మిత్రులును కలరు. ఒకప్పుడు నేనును వారికి వంతపాడితిని. ఆ మాట నిలువదని ఇప్పుడు నాకు తోచుచున్నది.

శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరి దాపున గాండ్లపెంట యను మండలకేంద్రము కలదు. పేరు వినగానే పట్టణపు పిల్లలు నవ్వుదురు. పెంట యనగా కుప్ప తప్ప వారికి వేరొక అర్థము తెలియదు, పల్లె యను నర్థమును వెదకు ఓపికయు లేదు. వాననే నమ్ముకొని శెనక్కాయ వేయు మెట్టనేల అది. వాన తప్పిన ఏట కుర్రకారు బెంగుళూరు బస్సెక్కును. అట్టి ఊరిలో ఒక యువకుని ఊహింపుడు. వానికి శాసనములపై పిచ్చి. గుడిగోడమీది రాయి కనబడిన చాలు, సున్నము గోకి అక్షరము తడిమి చూచును. వాడు రచ్చబండమీద ఏమి మాటలాడగలడు? అచట కాయల ధర, బోరులో నీరు, ఎన్నికలలో ఎవడెంత పంచెననునది, ఎవరి బిడ్డ సంబంధము ఎందుకు తప్పెననునది ప్రసంగవిషయములు. అవి పనికిరాని మాటలని నేననను. ఊరు బ్రతుకుట వానివలననే. కాని పాతశాసనములలో కనబడి పిదప మాయమైన ‘ఴ’ యను అక్షరము ఏమైనదని వాడడిగినచో ఒకడు నవ్వును, ఒకడు ‘ఉద్యోగమేమైనా దొరికిందా, నాయనా?’ యనును. వాడు మరునాటినుండి ఆ దారిని పోడు. ఫోను వానిని రచ్చబండనుండి లాగికొనిపోయినదని మనమందుము. వానికి అచట చోటెన్నడుండెను?

అంతకన్న పెద్దమాట మరొకటి కలదు. ఆ బండ అందరిదియు కాదు. ఊరి వెలుపలి వాడలవారు దానికి దూరముగా నిలువబడి మాటలాడిరి. ఆడువారు కొంగు సవరించుకొని ప్రక్కదారిని పోయిరి. పెద్దరైతు కొడుకు కూర్చున్నచోట కూలివాని కొడుకు కూర్చుండలేదు. ఈ సంగతి ఎరిగియు, దానిని పోయిన స్వర్గముగా వర్ణించువారు తాము ఆ బండమీద ఏ వైపున కూర్చుండిరో ఒకసారి తలపోసికొనవలెను.

ఆ శాసనముల పిచ్చివానికి సమానులు లేకపోలేదు. ఊరిలో లేరు, అంతియే. ఒకడు శ్రీకాకుళమున, ఒకతె ఖమ్మమున, మరొకడు డాలసున నుండవచ్చును. అట్లు చెదరియున్నవారిని ఒకచోట కూర్చినవానిలో 2003 డిసెంబరులో వెన్న నాగార్జున ప్రారంభించిన తెలుగు వికీపీడియా యొకటి. దానిని వ్రాయువారు ముద్దుగా తెవికీ యందురు. నేడందు వ్యాసములు లక్షకు పైబడినవి; జీతము పుచ్చుకొనక వాడుకరులు వ్రాసినవి అవి. వారు తమలో తాము సాధకబాధకములు చెప్పుకొను పుటకు పెట్టుకొన్న పేరేమో ఎరుగుదురా? రచ్చబండ. మన పెద్దలు పాడుపడినదని ఏడ్చుచున్నది అచట చర్చలతో క్రిక్కిరిసియున్నది.

‘తెరమీది పలకరింపు స్నేహమగునా?’ యని ప్రశ్న. ఆ పలకరింపు ఎట్టిదో చూడక అడిగిన ప్రశ్న అది. మన గాండ్లపెంటవాడు ఆ మండలములోనే యున్న కటారుపల్లెను గూర్చి, అచటి వేమన సమాధిని గూర్చి నాలుగు వాక్యములు వ్రాసెననుకొందము. అంత చిన్న వ్యాసమును వారు ‘మొలక’ యందురు, పేరు బాగున్నది. వేమన ఫలానా యేట సమాధిచెందెనని వాడు అవ్వ చెప్పిన మాట వ్రాయును. గంట గడువకమున్నే ఎవడో, వయసేమో కులమేమో తెలియనివాడు, ‘మూలమేది?’ యని అడుగును. వీనికి కోపము వచ్చును. తన వాక్యమును తిరిగి పెట్టును. అతడు మరల తీయును. ఎవడేమి పెట్టెనో, ఎవడేమి తీసెనో, ఏ గంటకో ఏ నిమిషమునకో ఆ పుట చరిత్రలో నిలిచియుండును గనుక అబద్ధమాడి తప్పించుకొను వీలులేదు. చివరకు వీడు కదిరి పోయి, గ్రంథాలయమున బీరువా తెరపించి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వేమనోపన్యాసములు చదివి, కవి కాలమును గూర్చి పండితులలోనే ఏకాభిప్రాయము లేదని తెలిసికొని, ఆ మాటనే వ్రాయును. తప్పు పట్టినవాడే అప్పుడు ‘బాగున్నది’ యని ఒక్కమాట వ్రాయును. వీనిపై ఇంతటి శ్రద్ధ ఊరిలో ఎవడైన చూపెనా? తప్పును తప్పని చెప్పి, దిద్దుకొనువరకు ప్రక్కన నిలిచినవానిని స్నేహితుడనక మరేమందురు?

మన సాహిత్యచరిత్రను చూడుడు. కడపలో కొలువున్న సి. పి. బ్రౌను ఊరూర తాళపత్రములు సేకరించి, సొంతధనముతో పండితులను పెట్టి పాఠములు సరిచూపించి, 1829లో 693 వేమన పద్యములు అచ్చువేయించెను. 1839 నాటికి అవి 1164 ఆయెను. ఆ తాళపత్రములు వ్రాసిన లేఖకులలో ఒకని ముఖము మరొకడు చూడలేదు. ఒకని ప్రతిలో లోపించిన పాదము మరొకని ప్రతిలో దొరకినది. ముఖమెరుగనివారి పొత్తు నీడతో పొత్తేయైనచో, ఆ నీడలే మనకు వేమనను నిలిపినవి. కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొని రాత్రింబవళ్లు శ్రమించి మూడు సంపుటములు తెచ్చునప్పటికి ‘అ’ అక్షరము దాటలేదు. 1923లో ఆయన కన్నుమూసిరి. అంతటి పండితునకు లేనిది ప్రతిభ కాదు, ధనమును మందియు. నేడు ఆ మంది ఫోనులలో నున్నది. ఆ ఫోనును బావిలో పారవేయుమని మనము వారికి హితవు చెప్పుచున్నాము!

రీళ్లు త్రోసికొనుచు పగలు గడపు వారి మాటయేమందురా? వారిని నేను వెనుకవేసికొని రాను. గంటలతరబడి ఎవడో ఆడు నాట్యమును చూచువానిని, ఒక వాక్యమునకు మూలము వెదకువానిని ఒకే త్రాట గట్టుటయే నా ఆక్షేపణ. ఇద్దరి చేతిలోనున్నది ఒకే ఫోనని ఇద్దరిని తిట్టుట, చేతిలో కత్తి యున్నదని వైద్యుని పట్టించుట వంటిది.

తెవికీ స్వర్గమనియు నేను చెప్పబోను. అచటను అహంకారము కలదు. ఒక కామాకై మూడునాళ్లు కొట్లాడువారున్నారు. కొత్తవాని వ్యాసమును కటువుగా తొలగించి, వాడు మరల రాకుండ చేసిన సందర్భములును కలవు. వ్రాయు స్త్రీలు తక్కువ; ఆ లోపము ప్రపంచమందలి వికీపీడియాలలో పెక్కింటికి కలదు, ఊరి బండ బుద్ధి అచటికిని కొంత ప్రాకినదేమో. నా శైలిని చూచినచో తెవికీలోని పిల్లలు ఈ వ్యాసమునే వాడుకభాషలోనికి దిద్దివేయుదురు. అది వారి హక్కు.

ముఖము చూచి తీరవలెనన్నచో వారు చూచుకొననే చూచుకొనుచున్నారు. 2014లో విజయవాడ యందు, 2015లో తిరుపతియందు, ఇరువదేండ్ల పండుగకు 2024 జనవరిలో విశాఖపట్టణమున వారు కలిసికొనిరి. ఏండ్ల తరబడి మారుపేరుతో కలహించిన ఇద్దరు ఒకే పంక్తిని భోజనమునకు కూర్చుండుటలో నాకు కనబడు ముచ్చట మన పెద్దలకేల కనబడదో తెలియదు.

మిగిలినది ఒక్క అభ్యంతరము. దానిని నాతో ఒక మిత్రుడు గట్టిగానే వాదించెను. ‘నీ డాలసువాడు పాడె మోయుటకు వచ్చునా?’ యనెను. రాడు. పాడె మోయుటకు ఊరివారే రావలెను, వత్తురు. ఆ ఋణము ఊరిదే. కాని ఆ యువకుడు ఇంకను బ్రతికియున్నాడు గదా, ఆ నలుగురు మోయువరకు వాడెవరితో మాటలాడవలెనని నేనడిగితిని. మిత్రుడు వక్కపలుకు నోట వేసికొని, ఈ యేడు శెనక్కాయ ధర యెట్లున్నదని అడిగెను.